వనపర్తి గ్రంథాలయానికి వచ్చిన వార్త

దీపావళి వెళ్లిన వారానికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు తిరిగి రమ్మని నాకు ఉత్తర్వు వచ్చింది. అప్పట్లో నేను హైదరాబాదులో ఒక కాలేజీ గ్రంథాలయంలో పనిచేసేవాణ్ణి. పాలమూరు జిల్లాలోని కొన్ని శాఖా గ్రంథాలయాలకు కొత్తగా కంప్యూటర్లు ఇచ్చారు. టెలిఫోన్ తీగ మీద నడిచే ఇంటర్నెట్టు కూడా పెట్టించారు. పెట్టెలు చేరాయి గాని, చాలాచోట్ల వాటి మీద గుడ్డ కప్పి ఉంచారని తెలిసింది. ఒక్కో ఊళ్లో చుట్టుపక్కల మండలాల గ్రంథపాలకులను ఒకచోట కూర్చోబెట్టి నేర్పాలి. వాళ్లలో ఒకరిని, నేను వచ్చేశాక తక్కినవాళ్లకు దారి చూపగలిగేలా తయారుచేయాలి. ఉత్తర్వులో దీన్ని నాయకత్వ శిక్షణ అన్నారు.

కాచిగూడలో పొద్దున బండి ఎక్కాను. జనరల్ పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. షాద్‌నగర్ దాటేదాకా ఊరి గాలి వదల్లేదు. జడ్చర్ల వచ్చేసరికి రెండు వైపులా ఎర్రనేల, బండరాళ్లు, మధ్యమధ్య పచ్చగా వేరుశనగ మొలకలు. నా ఎదుట ఇటిక్యాల వైపు రైతు ఒకాయన కూర్చున్నాడు. హైదరాబాదు దవాఖానలో కన్ను చూపించుకుని వస్తున్నాడు, ఒక కంటికి పట్టీ ఉంది. ఎక్కడికి పోతున్నానని అడిగితే చెప్పాను.

"కంప్యూటర్ నేర్పుతందుకు పోతున్నవా? మంచిదే. గని మా దిక్కు సగం ఇండ్లకు తాళాలే ఉంటయి సార్. దసరా కాంగనే పోయిండ్రు. పూనా, బొంబాయి, కర్ణాటక. చదివేటోళ్లు యాడున్నరు?" అన్నాడు.

"నేర్పేది గ్రంథాలయాల వాళ్లకే" అన్నాను.

ఆయన, "పేపర్ల కాడ కూసునే సార్లకా" అని తల ఆడించాడు.

ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక మాట. గద్వాల ఇంకా కొద్ది దూరం ఉందనగా బండి కృష్ణ దాటుతుంది. వానలు వెనకబట్టిన కాలంలో నీళ్లు రాళ్ల మధ్య పాయలు పాయలుగా పోతుంటాయి. పెట్టెలో ఎన్ని మాటలు నడుస్తున్నా ఆ వంతెన మీద అందరూ ఒక్క నిమిషం మాటలాపి బయటికి చూస్తారు. కొందరు దండం పెడతారు. పట్టీ కట్టుకున్న రైతు రెండో కన్నుతో నీళ్లు చూసి దండం పెట్టాడు.

గద్వాలలో బస్టాండు దగ్గరి లాడ్జిలో దిగాను. గది చిన్నదే గాని దుప్పటి శుభ్రంగా ఉంది. పొద్దున ఉగ్గాని, మిర్చి బజ్జీ తిని గ్రంథాలయానికి నడిచాను. ఆ ఊళ్లో బజారు మాటల్లో కన్నడం కలుస్తుంది. టీ కొట్టు ముందు ఒకే ముచ్చట సగం తెలుగులో, సగం కన్నడంలో సాగుతోంది.

గద్వాల గ్రంథపాలకుడు వీరేశం. యాభై దాటిన మనిషి, మెల్లగా మాట్లాడతాడు. తల్లిది రాయచూరు కావడంతో ఇంట్లో కన్నడమే మాట్లాడతారట. మౌసు పట్టుకుంటే తెర మీది బాణం గుర్తు ఆయన చెప్పిన చోటికి పోయేది కాదు. చుట్టూ ఉన్న కుర్రవాళ్లు నవ్వకుండా ఆపుకుంటున్నారని ఆయనకు తెలుసు. అయినా కుర్చీలోంచి లేవలేదు. మధ్యాహ్నానికి ఉత్తరం పంపడం, దినపత్రికల పేజీలు తెరవడం వచ్చేసింది.

సాయంత్రం అందరూ వెళ్లాక ఆయన్ని పక్కకు పిలిచి, ఈ ప్రాంతంలో తక్కినవాళ్లకు దారి చూపే పెద్దగా మీ పేరే రాద్దామనుకుంటున్నాను అన్నాను.

"నా పేరెందుకు సార్? రిటైర్మెంటు దగ్గరికొచ్చింది. వయసు పిల్లలు ఉన్నరు. వాళ్లకియ్యండి."

"వాళ్లు మీ మాట వింటారు. అందుకే."

"వింటరు, నిజమే" అన్నాడు. తర్వాత, "ఏదన్న పని పడితే ఫోన్ చెయ్యండి. పేరు రాసినా, రాయకపోయినా చేస్త" అన్నాడు. తన ఇంటి నంబరు, గ్రంథాలయం నంబరు రెండూ చెప్పాడు.

మర్నాడు మధ్యాహ్నం వనపర్తి బస్సు ఎక్కాను. ఎర్రవల్లి చౌరస్తా దగ్గర హైవే ఎక్కి, బీచుపల్లి వంతెన మీద మళ్లీ కృష్ణ దాటి, పెబ్బేరు మీదుగా పోతుంది. పెబ్బేరులో సంత రోజు కాబోలు, మేకలతో సహా జనం ఎక్కారు. నా పక్కన కూర్చున్న ముసలమ్మ ఒళ్లో సంచి పెట్టుకుని, "జర జరుగు నాయనా, గుడ్లున్నయి" అని వనపర్తి దాకా ఆ సంచిని రెండు చేతులతో కాపాడుకుంటూ వచ్చింది.

వనపర్తి గ్రంథాలయంలో విజయలక్ష్మి అనే ఆమె గ్రంథపాలకురాలు. నలభై ఏళ్లుంటాయి. ఖిల్లా ఘణపూర్ నుంచి రోజూ బస్సులో వస్తుంది. పెద్ద గది, కిటికీల వెంట బల్లలు, మధ్యలో పత్రికల బల్ల. కంప్యూటరు మీద గుడ్డ లేదు. తెరిచి చూస్తే, నేను రాకముందే ఆమె తనంతట తాను కొంత నేర్చుకుని ఉంది. మొదటి రోజు మా పని హాయిగా సాగింది. వచ్చిన ఎనిమిది మందికీ ఆమే దగ్గరుండి నేర్పింది. ఇక్కడ పెద్ద ఎవరన్న ప్రశ్నే రాలేదు.

రెండో రోజు పదకొండు ప్రాంతంలో ఇద్దరు ఆడవాళ్లు గడప దగ్గర నిలబడ్డారు. చెప్పులు బయట విడిచి, లోపలికి రావచ్చో లేదో తెలియక అక్కడే ఆగారు. పెద్దామెకు ముప్పై అయిదుంటాయి, చిన్నామెకు ఇరవై దాటి ఉండవు. విజయలక్ష్మి లేచి వెళ్లి, "రాండమ్మా, ఏం గావాలె?" అని అడిగింది.

"పేపర్లు సదివి చెప్తరా మేడం?" అంది పెద్దామె. "మూడు దినాల పేపర్లు గావాలె."

ఇద్దరూ తోడికోడళ్లు. వీపనగండ్ల వైపు ఊరు. పెద్దామె దేవమ్మ, ఆమె భర్త బాలస్వామి. చిన్నామె సుజాత, ఆమె భర్త ఏలియా. అన్నదమ్ములిద్దరూ దసరా తర్వాత మేస్త్రీ వెంట కర్ణాటకలో కాలువ పనికి పోయారు. రెండు రోజుల కింద ఊళ్లో ఎవరికో ఫోన్ వచ్చింది, అక్కడ మట్టిగట్టు కూలిపడి మనుషులు చనిపోయారని. ఎవరు పోయారో ఆ చేసినవాడికీ తెలియదు. మేస్త్రీకి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఊళ్లో పేపరు ఒక్కటే వస్తుంది, అందులో ఏమీ లేదు. వనపర్తి లైబ్రరీలో అన్ని పేపర్లూ ఉంటాయని పాస్టరుగారు చెబితే పొద్దున్నే బస్సెక్కి వచ్చారు.

శిక్షణ ఆగిపోయింది. ఎవరూ ఆపమనలేదు. తలా ఒక పేపరు తీసుకుని బల్ల చుట్టూ నిలబడి వెతికారు. తెలుగు పేపర్లన్నీ జిల్లా వార్తలతోనే నిండి ఉన్నాయి. పక్క రాష్ట్రంలో మట్టి కూలిన సంగతి ఎందులోనూ లేదు. ఒక్కో పేపరు మూసినప్పుడల్లా సుజాత ముఖం కొంచెం తేటపడేది. పేపర్లో లేదంటే జరగలేదనే ఆ పిల్ల అనుకుంటోందని నాకు అర్థమైంది.

విజయలక్ష్మి నా వైపు చూసింది. "సార్, దీంట్ల చూద్దామా?" అని కంప్యూటరు దగ్గరికి నడిచింది.

ఆ రోజుల్లో ఇంటర్నెట్టు కలవాలంటే ఓపిక కావాలి. పెట్టె కూతపెట్టి, గరగరలాడి, రెండుసార్లు తెగి మూడోసారి కలిసింది. కర్ణాటక వార్తలు ఇచ్చే ఒక ఇంగ్లీషు పత్రిక పేజీని ఆమె తెరిచింది. అక్షరాలు ఒక్కో వరుసే కిందికి దిగాయి. తేదీ వెనక్కి జరుపుతూ వెతికితే నాలుగు లైన్ల వార్త కనిపించింది. కాలువ గట్టు కూలి ఆంధ్ర నుంచి వచ్చిన కూలీలు ఇద్దరు చనిపోయారు. గాయపడ్డ వాళ్లను జిల్లా ఆస్పత్రిలో చేర్చారు. పేర్లు లేవు.

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. వెనక బెంచీ మీద ఆ ఇద్దరూ చేతులు పట్టుకుని కూర్చుని ఉన్నారు. తెర వాళ్లకు కనిపించదు, కనిపించినా అది ఇంగ్లీషు.

"ఇప్పుడే చెప్తే సగం చెప్పినట్టయితది. పానం ఆగదు వాళ్లకు" అని ఆమె గొంతు తగ్గించి అంది. "ముందుగాల దవాఖానకు ఫోన్ చేద్దాం."

ఆ జిల్లా వాళ్ల వెబ్‌సైటులో ఆస్పత్రి నంబరు దొరికింది. నా సెల్లుకు అక్కడ సిగ్నలు లేదు, ఇంటర్నెట్టు తెంపితేగాని గ్రంథాలయం ఫోన్ పనిచేయదు. తెంపి చేసింది. అవతల ఎత్తిన మనిషి కన్నడంలో ఏదో అడిగాడు. ఆమె తెలుగులో, నేను హిందీలో, ఇంగ్లీషులో చెప్పి చూశాం. ఆయన చెప్పేది మాకు, మేం చెప్పేది ఆయనకు అందలేదు. విసుక్కోలేదు పాపం, మళ్లీ మళ్లీ చెప్పాడు. చివరికి లైను కట్టయింది.

అప్పుడు వీరేశం గుర్తొచ్చాడు. గద్వాలకు ఫోన్ చేసి సంగతి, ఆస్పత్రి నంబరు చెప్పాను. అన్నదమ్ముల పేర్లు, తండ్రి పేరు, ఊరి పేరు రెండుసార్లు పలికించుకున్నాడు. "పెట్టేయండి సార్. నేను మాట్లాడి మళ్ల చేస్త" అన్నాడు.

ఎంతసేపు అయిందో చూసుకోలేదు. శిక్షణకు వచ్చినవాళ్లు గోడ వెంట నిలబడి ఉన్నారు. ఒకరు టీ తెప్పించారు. దేవమ్మ తాగింది. సుజాత గ్లాసు పట్టుకుని కూర్చుంది, తాగలేదు. "మీ వాళ్లు కన్నడం మాట్లాడతరా?" అని ఎవరో అడిగితే, "మా ఆయనకు నాలుగు మాటలు వచ్చు. ఫోన్ల నన్ను నవ్విస్తడు" అని ఆ పిల్ల నిజంగానే కొంచెం నవ్వింది.

ఫోన్ మోగింది. విజయలక్ష్మి ఎత్తింది. అవతలి మాట నాకు వినపడలేదు. ఆమె "ఆ... ఆ..." అంటూ వింది. చివర, "రెండుసార్లు అడిగిన్రా సార్? తండ్రి పేరు కలిసిందా?" అని అడిగింది. ఫోన్ పెట్టేసి కాసేపు దాని మీదే చెయ్యి ఉంచింది. తర్వాత నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది. బాలస్వామి తొడ ఎముక విరిగి వార్డులో ఉన్నాడు, మాట్లాడుతున్నాడు. ఏలియా పోయాడు. శవం మార్చురీలో ఉంది. మనవాళ్లు ఎవరూ రాకపోతే ఇంకొక్క రోజు చూసి వాళ్లే పూడ్చేస్తారట.

"పెద్దామెను పక్కకు పిలిచి చెప్దామా?" అన్నాను.

ఆమె ఒప్పుకుంది. దేవమ్మను సైగ చేసి పిలిచింది. దేవమ్మ లేచింది గాని తోడికోడలి చెయ్యి వదల్లేదు. మా ముఖాలు చూసి ఆమెకు సగం తెలిసిపోయింది.

"ఏదున్నా ఇద్దరికీ ఒక్కతాన్నే చెప్పుండ్రి మేడం. కలిసొచ్చినం" అని మళ్లీ బెంచీ మీద కూర్చుంది.

విజయలక్ష్మి నిలబడి చెప్పలేదు. కింద నేల మీద, వాళ్ల మోకాళ్ల ముందు కూర్చుంది. ఇద్దరి చేతుల మీదా తన చేతులు వేసింది. నేను ఎన్నో శిక్షణలకు వెళ్లాను, ఎన్నో ఇచ్చాను. ఆ క్షణంలో ఏం మాట్లాడాలో ఏ తరగతిలోనూ ఎవరూ చెప్పలేదు.

"దేవమ్మా, బాలస్వామి దవాఖానల ఉన్నడు. కాలు ఇరిగింది. పానానికేం భయం లేదు." ఆగింది. తర్వాత చిన్నామె వైపు తిరిగింది. "సుజాతా, ఏలియా లేడు బిడ్డా. మట్టి కింద పోయిండు. తండ్రి పేరు, ఊరి పేరు అడిగి తెలుసుకున్నం. పొరపాటు లేదు."

సుజాత ఏడవలేదు. "పేపర్ల లేదంటిరి గద" అంది. మళ్లీ అదే మాట అంది. దేవమ్మ ఆమెను ఒళ్లోకి లాక్కుంది. తన భర్త బతికి ఉన్నాడన్న మాట ఆమె చెవిన పడిందో లేదో ముఖంలో తెలియలేదు. తోడికోడలి తల నిమురుతూనే ఉంది. చాలాసేపటికి తలెత్తి, "మా మరిదిని ఇంటికి తెచ్చుకోవాలె. ఎట్ల పోవాలె సార్?" అని నన్ను అడిగింది.

"మీ ఆయన కూడా అక్కడే ఉన్నాడు కదమ్మా. ముందు ఆయన్ని చూసి..." అన్నాను.

"ఆయన బతికిండు. ఆగుతడు. మా మరిది పిల్లోడు ఆగడు" అంది.

ఆ తర్వాత గంటలో జరిగిన పనులన్నీ గ్రంథపాలకులే చేశారు. ఒకరు ఊళ్లో పాస్టరుకు ఫోన్ చేశారు. ఇంకొకరు స్టాండుకు పోయి జీపు మాట్లాడారు. విజయలక్ష్మి మళ్లీ గద్వాలకు ఫోన్ చేస్తే, వీరేశం అడగకముందే తానూ వస్తానన్నాడు. "భాష తెల్వనోళ్లు అక్కడ ఏమని కాగితాలు రాయిస్తరు? నేను గద్వాల బస్టాండు కాడ ఎక్కుత. సెలవు చీటీ పిల్లగాళ్లకిచ్చి పోత" అన్నాడట. మధ్యాహ్నం రెండు దాటాక జీపు కదిలింది. ఊరి నుంచి వచ్చిన పాస్టరు, దేవమ్మ ముందు ఎక్కారు. సుజాతను ఇంటికి పొమ్మంటే వినలేదు. ఆమె కూడా ఎక్కింది.

జీపు మలుపు తిరిగాక మేం లోపలికి వచ్చాం. బల్ల మీద పేపర్లు చెల్లాచెదురుగా ఉన్నాయి. విజయలక్ష్మి వాటిని తేదీలవారీగా సర్ది పెట్టింది. తర్వాత కుర్చీలో కూర్చుని కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది. ఎవరం ఆమెను ఊరుకోమనలేదు.

మర్నాడు పొద్దున నేను నాగర్‌కర్నూలు బస్సు ఎక్కాల్సి వచ్చింది. బిజినేపల్లి మీదుగా వెళ్లే పల్లెవెలుగు, ప్రతి ఊళ్లో ఆగుతుంది. తాళాలు వేసిన ఇళ్లు ఆ రోజు నాకు కనిపించాయి. అవి అంతకు ముందు కూడా ఉండి ఉంటాయి. ఇంటి ముందు ముసలివాళ్లు, చిన్నపిల్లలు. నడివయసు మనుషులు తక్కువ. కండక్టరు ఒక స్టేజీలో ఎవరూ ఎక్కకపోతే, "ఈ ఊరు మొత్తం పూనా పోయింది సార్, ఉగాదికి వచ్చినంక ఎక్కుతరు" అన్నాడు.

నాగర్‌కర్నూలులో బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో జొన్నరొట్టె, పప్పు తిని గ్రంథాలయానికి వెళ్లాను. పొద్దుటి పాఠం నాయకత్వం గురించి. హైదరాబాదులో తయారుచేసి ఇచ్చిన పాఠం సంచిలోనే ఉంది. బయటికి తీయబుద్ధి కాలేదు. ముందు రోజు వనపర్తిలో జరిగింది జరిగినట్టు చెప్పాను.

మన్ననూరు వైపు నుంచి వచ్చిన ఒక యువకుడు చివర చెయ్యెత్తాడు. అడవి పక్క ఊరు వాళ్లది. "మా తాన ఫోన్ లైనే లేదు సార్. గిట్లాంటోళ్లు మా దగ్గరికొస్తే మేమేం చెయ్యాలె?" అని అడిగాడు.

అచ్చంపేట గ్రంథపాలకుడు లేచి, "మా లైబ్రరీకి తోలియ్యి. నేను చూస్త. నేను లేకుంటే ఇంటికి తోలియ్యి" అన్నాడు. ఆ మధ్యాహ్నం వాళ్లు కంప్యూటరు నేర్చుకున్న తీరు వేరుగా ఉంది. పక్క రాష్ట్రాల పత్రికలు ఎక్కడ దొరుకుతాయి, ఆస్పత్రుల నంబర్లు ఎట్లా పట్టుకోవాలి, మరాఠీ తెలిసినవాళ్లు మనలో ఎవరున్నారు, ఇవే అడిగారు. చెడ్డ కబురు ఎట్లా చెప్పాలని ఒకామె అడిగింది. విజయలక్ష్మి చెప్పినట్టు, రూఢి చేసుకున్నాక, పక్కన కూర్చుని, తిన్నగా చెప్పాలి అన్నాను. అంతకంటే నాకూ తెలియదు.

రెండో రోజు పని ముగించుకుని కల్వకుర్తి మీదుగా హైదరాబాదు పోయే బస్సు ఎక్కాను. కల్వకుర్తి బస్టాండులో టీకి ఆగినప్పుడు నా సెల్లు మోగింది. విజయలక్ష్మి.

ఏలియాను ముందు రోజు సాయంత్రం ఊరికి తెచ్చారట. ఈ పొద్దున సమాధి చేశారు. ఆమె కూడా వెళ్లి వచ్చింది. వీరేశం శవాన్ని ఊరు చేర్చేదాకా వెంట ఉన్నాడు. దేవమ్మ మరిదిని మట్టిలో పెట్టేదాకా ఉండి, అప్పుడే మొగుడి దగ్గరికి మళ్లీ బస్సెక్కింది. సుజాత తన తల్లిగారింటికి పోనంది, అక్క దేవమ్మ వచ్చేదాకా ఆమె పిల్లలను చూసుకుంటానంది.

"ఇంకోటి సార్" అంది విజయలక్ష్మి. "సమాధి కాడ ఊరోళ్లు నన్ను చూసిండ్రు గద. ఇప్పుడు లైబ్రరీకి వచ్చిన. గడప కాడ ఏడుగురు ఆడోళ్లున్నరు. ఒగామె కొడుకు పూనాల, ఒగామె పెనిమిటి గోవాల. ఫోన్లు లేవు, జాడ లేదంటున్నరు. ఎట్ల చేద్దాం సార్?"

బస్సు హారన్ కొట్టింది. ఆమె నా జవాబు కోసం ఆగలేదు. వెనక్కి తిరిగి ఎవరితోనో, "లోపలికి రాండమ్మా, బెంచీ మీద కూసోండ్రి. ఒక్కొక్కరే పేరు చెప్పుండ్రి" అంటున్న మాట వినిపించింది. "సార్, మళ్ల చేస్త" అని ఫోన్ పెట్టేసింది.

బస్సు ఆమనగల్లు దాటి నగరం వైపు పోతుంటే పొద్దు వాలింది. నేను తిరిగి వెళ్లి నివేదిక రాయాలి. గద్వాల ఎదుట వీరేశం పేరు, వనపర్తి ఎదుట విజయలక్ష్మి పేరు రాస్తాను. అంతకు మించి రాయడానికి ఆ కాగితంలో చోటు ఉండదు. ఈ ఊళ్లకు ఎప్పుడైనా వెళితే కోటలు, రాజభవనాలు చూడండి, అవి చూడదగ్గవే. ఒక పూట గ్రంథాలయంలో కూడా కూర్చోండి. అక్కడ పుస్తకాలు చదివేవాళ్లు తక్కువగానే కనిపించవచ్చు. గడప దగ్గర చెప్పులు విడిచి, లోపలికి రావచ్చో లేదో తెలియక నిలబడ్డవాళ్లు ఉంటే మాత్రం, లేచి ఎదురు వెళ్లే మనిషి ఎవరో చూడండి.